నర్సు మీ పేరు మళ్లీ ఎందుకు అడుగుతారు? మందు చేతికి వచ్చేలోపు జరగాల్సిన తనిఖీలేంటి?

పల్నాడు జిల్లా ఎడ్లపాడులో బిడ్డకు పెంటావాలెంట్ టీకా వేయించిన తల్లికి, జ్వరం వస్తే వేయమని పారాసెటమాల్ కూడా ఇచ్చి పంపుతారు. ఊళ్లలో ఆ మందు చేతికిచ్చేది చాలాసార్లు ఏఎన్ఎం లేదా నర్సే. ఎడ్లపాడు ఉన్న చిలకలూరిపేట నియోజకవర్గంలోనే, లింగంగుంట్లలో 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం మొదలైంది. అందులోనూ అప్పట్లో డాక్టర్ ఊరికి వచ్చేది నెలకు రెండుసార్లే. మిగతా రోజుల్లో విలేజ్ క్లినిక్‌లో మందులు చూసేది నర్సింగ్ చదివిన సిబ్బందే.

నాంపల్లిలో ఏం జరిగింది?

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. అది పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పికి వాడే మందు. పసివాళ్లలో ఊపిరి మందగించేలా చేస్తుంది. ఇద్దరు చిన్నారులు చనిపోయారు, మరెందరినో నిలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు.

ఒకే మనిషి పేర్లు రాసుకుంటూ, టీకా వేస్తూ, ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తూ, మాత్రలు కూడా పంచుతుంటే ఇలాంటి పొరపాటుకు దారి తెరిచినట్టే. పెద్దల మాత్రలు, పిల్లల మందులు ఒకే డబ్బాలో ఉంటే మరీనూ. సిబ్బందిని సస్పెండ్ చేసినంత మాత్రాన ఆ డబ్బా మారదు.

నర్సులు చూడాల్సినవి

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. నర్సింగ్‌లో మొదట నేర్పేవి ఈ ఐదే. ఇచ్చిన వెంటనే రికార్డులో రాయడం ఆరోది. లేబుల్‌ను మూడుసార్లు చదవాలి: అల్మారాలోంచి తీసేటప్పుడు, సిద్ధం చేసేటప్పుడు, ఇచ్చే ముందు.

‘మీరు కోటేశ్వరమ్మేనా?’ అని అడిగితే చెవి సరిగా వినపడని పెద్దావిడ ఎవరైనా తల ఊపేస్తారు. ‘మీ పేరేంటమ్మా?’ అనే అడగాలి. కోటప్పకొండ చుట్టుపక్కల ఒకే ఓపీలో ముగ్గురు కోటేశ్వరరావులు ఉన్నా వింత కాదు కాబట్టి వయసు, తండ్రి లేదా భర్త పేరు కూడా సరిచూడాలి. మళ్లీ అడిగారని విసుక్కోకండి.

మోతాదు దగ్గరే చిక్కు

పిల్లలకు పారాసెటమాల్ ఒక్కో డోసు కిలో బరువుకు 10-15 మిల్లీగ్రాములు. అంటే 6 కిలోల బిడ్డకు 60-90. మార్కెట్లో ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కు 125 మిల్లీగ్రాములు ఉంటే, చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటాయి. సిరప్ కొలతలో 3.5 మి.లీ. చుక్కల మందు పోస్తే 350 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తాయి. అందుకే ‘అర మూత వేయండి’ అంటే సరిపోదు. ఏ సీసా, ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకోసారి అన్నది కాగితం మీద రాయించుకోండి.

ఇన్సులిన్‌లోనూ ఇదే తంటా. మన దగ్గర మి.లీ.కు 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్లవి రెండూ దొరుకుతాయి. 40 రకానికి ఎర్ర మూత సిరంజి, 100 రకానికి నారింజ రంగుది. 100 రకం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 50 యూనిట్లు. షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

మార్గం విషయానికొస్తే, గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు.

మీరేం చేయొచ్చు?

పాత చీటీలు, వాడుతున్న మాత్రలు వెంట తీసుకెళ్లండి. ఏ మందు పడదో అడగకముందే చెప్పండి. ‘ఇది దేనికమ్మా?’ అని అడగడంలో తప్పు లేదు. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోండి.

తప్పు మందు ఇచ్చినట్టు నర్సుకు అనుమానం వస్తే మొదట రోగి పరిస్థితి చూడాలి, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, తర్వాత రికార్డులో రాయాలి. ఇంటికెళ్లాక బిడ్డ మగతగా ఉన్నా, ఊపిరి తేడాగా అనిపించినా 108కు ఫోన్ చేయండి. మిగిలిన మాత్రల స్ట్రిప్ పారేయకుండా ఆసుపత్రికి పట్టుకెళ్లండి. మందుల దుష్ప్రభావాలను 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు రోగులు కూడా నేరుగా చెప్పొచ్చు.