కాలువ మూతి దగ్గర

పార నీ చేతిలో పెట్టేశారు. ఇంక తప్పించుకునేది లేదు.

అక్టోబరు ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. తమిళనాట అవినాశి పక్కన ఓ పల్లె చెరువు కట్ట మీద ఉన్నావు. పొద్దున్నించీ పని చేస్తున్నవాళ్లు నీకేసి చూసి నవ్వుతున్నారు, నీ చొక్కాకు ఇంకా మట్టి అంటలేదని. బనియన్ కంపెనీల్లో కుట్టుపని చేసే కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన టీచరు ఒకాయన, ఎవరి అమ్మమ్మో ఒకావిడ.

"చెప్పులు విడవద్దు కణ్ణూ, ముళ్లుండాయి" అంటుంది అమ్మమ్మ. అందరితో తమిళం, నీతో తెలుగు. ఎట్లా పసిగట్టిందో అడగకు. తరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్లకి అది చిటికెలో పని.

చెప్పుందిగా అని ధీమాగా అడుగేస్తావు. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరును దాటుకుని మడమలోకి దిగుతుంది. లాగి పారేసి దిగు. చెరువు లోపలంతా ఆ తుమ్మే. దాని వేరు మీద పార వేస్తే చేతులు జివ్వుమంటాయి.

చెరువు ఇంతలా ఎండిపోయిందేం? పడమటికి చూడు. ఆ కొండలు నైరుతి వానను అటే ఆపేస్తాయి. ఇక్కడికి వచ్చేది అక్టోబరు, నవంబరు వానే. అది తప్పితే వెయ్యి అడుగుల బోరు.

కట్ట పక్కన ఓ గొట్టం నీళ్లు వదిలే చోటు కనిపిస్తుంది. అరవై ఏళ్లు అడిగితే వచ్చిన గొట్టం అది. దానికోసం 2016లో అవినాశిలో నిరాహారదీక్షలు చేశారు. 2024 ఆగస్టు 17న అత్తిక్కడవు-అవినాశి పథకం మొదలైంది. కాలింగరాయన్ ఆనకట్ట దిగువన భవాని నది మిగులు నీటిని తోడి, ఆరు పంపింగ్ స్టేషన్ల మీదుగా 1,045 చెరువులకూ కుంటలకూ పంపడం దాని పని. మరి నీకీ పార ఎందుకు? భవానిలో మిగులు ఉంటేనే ఆ గొట్టంలో నీళ్లు. ఇక్కడ కురిసిన వాన మాత్రం తన కాలువలోనే రావాలి, అదేమో పూడిపోయింది.

ఆ కాలువ పేరు దాతల బోర్డు మీద లేదు. బోర్డు చదువు. షెడ్డుకు రేకులు ఒకరు, సిమెంటు ఒకరు, బెంచీలు ఒకరు, మొక్కలు నలుగురు. బడిపిల్లలు వచ్చి పిట్టల్ని చూడ్డానికి ఇక్కడో శిబిరం కడుతున్నారు. తిరుప్పూరు నంజరాయన్ చెరువు 2022లో పక్షుల అభయారణ్యమైంది, 2024లో రామ్‌సర్ జాబితాకెక్కింది. మనదీ అంత కావాలని కాలేజీ పిల్లల ఆశ. మంచిదే. కానీ బెంచీ మీద పేరు రాయించుకోవచ్చు, పూడిక మీద రాయించుకోలేరు. అందుకే కాలువకు డబ్బు రాదు. కోయంబత్తూరులో 2017 నుంచి ఆదివారాలు చెరువుల్లో దిగుతున్న 'కుళంగళ్ పాదుకాప్పు అమైప్పు' వాళ్లు వెళ్ళలూరులో ముందు నీటి కాలువ సంగతే చూశారు. అడవి పెంచింది ఆ తర్వాత.

ఇక్కడ సిమెంటు ముందు వచ్చేసింది. మూటలన్నీ చెరువు లోపలే, పల్లంలో, పట్టా కప్పి పేర్చారు. ఎండిన చెరువేగా అనుకున్నారు.

ఉరుము.

పడమర నల్లబడింది. గాలిలో తడిమట్టి వాసన. "పైన పడతా ఉండాది" అంటుంది అమ్మమ్మ. చినుకు ఇంకా నీ మీద పడనేలేదు, కాలువలో ఎర్రనీళ్లు వచ్చేశాయి.

టీచరు వెంట పరిగెత్తు. రోడ్డు కింద తూము. నీళ్లు దాని దగ్గర ఆగిపోయాయి. అవతలికి చుక్క రావడం లేదు. లోపల బనియన్ గుడ్డ ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి మట్టలు కలిసి బిరడా బిగించాయి. ఇవతల మట్టం పెరుగుతోంది. గట్టు పక్కనే ఎవరిదో మొక్కజొన్న చేను. దాని వెనక ఇల్లు.

జేసీబీ తెద్దామా? గట్టు నానింది. జారితే బండి కాలువలో. డ్రైవరూ కాలువలో.

దిగి చేత్తో లాగుదామా? "వద్దు!" టీచరు కేక. బిరడా ఊడిందంటే నీళ్లు నిన్నే ముందు మింగుతాయి. అమ్మమ్మ తన మాట కలుపుతుంది: "మొసలి మింగిన పిల్లోణ్ణి పాట పాడి బతికించను సుందరర్ ఉండాడు. నీకెవరుండారు?" శివభక్తుడు సుందరర్ గురించి చెప్పే అవినాశి చెరువు కథ అది. ఇక్కడ పుట్టిన పిల్లలందరికీ తెలుసు.

దోటి తెచ్చారు. ఎవరు పడతారు?

నీ చేతులే ముందుకెళ్లాయి. రోడ్డు అంచున బోర్లా పడుకో. ఇద్దరు నీ కాళ్లు పట్టుకున్నారు. కొక్కెం దించు. తగిలింది. లాగు. రాదు. మెలిపెట్టు. లాగు. గుడ్డ వచ్చింది. బరువు. పక్కకి విసిరెయ్. మళ్లీ. వాన నీ వీపు మీద. కళ్లలో నీళ్లు. కొక్కెం జారింది. మళ్లీ.

బుడగ.

ఇంకో బుడగ.

"వదిలెయ్!"

దోటి లోపలికి పోయింది. నీ చేతిలోంచి, చర్మం గీరుకుంటూ. తూములో పెద్ద చప్పుడు. అవతల నురగ. చేను వైపు మట్టం దిగుతోంది. కాలువ కదిలింది.

కుర్రాళ్లు ఈలలు వేస్తున్నారు. నువ్వు లేచి కూర్చున్నావు. నీళ్లు చెరువులోకి దిగుతున్నాయి, పల్లం వెతుక్కుంటూ. పల్లం.

"సిమెంటు!" ఎవరో అరిచారు.

ఈలలు ఆగాయి. అందరూ కట్ట దిగి పరిగెత్తుతున్నారు. అడుగు వరస అప్పుడే తడిసింది. పై మూటలు పొడిగానే ఉన్నాయి. ఒక్కోటి యాభై కిలోలు. టీచరు ఓ మూట చివర పట్టుకుని నీకేసి చూస్తున్నాడు. రెండో చివర నువ్వు పట్టు.