పోటీ రోబోలలో లిఫ్ట్

విద్యార్థుల పోటీ రోబో తాను పట్టిన వస్తువును ఎత్తున పెట్టడానికి వాడే యంత్రాంగం లిఫ్ట్. ఫస్ట్ టెక్ ఛాలెంజ్, వెక్స్ పోటీల్లో ఆట మొదలయ్యేటప్పుడు రోబో సాధారణంగా 18 అంగుళాల ఘనంలో ఇమడాలి. అందుకే ముడుచుకుని, ఆ తర్వాత సాగే నిర్మాణం కావాలి.

అన్నిటికన్నా సులువైనది మోటారుకు బిగించిన చేయి. 40 సెం.మీ. చేయి చివర 2 కిలోల బరువుంటే, అది అడ్డంగా ఉన్నప్పుడు చేయి బరువు కలపకుండానే ఇరుసుపై సుమారు 7.8 న్యూటన్ మీటర్ల టార్క్ పడుతుంది. గేర్లతో వేగం తగ్గించి, కొంత భారాన్ని రబ్బరు బ్యాండ్లకు వదిలేస్తారు. సమాంతర చతుర్భుజంగా అమర్చిన నాలుగు కడ్డీలైతే పట్టుకున్న వస్తువు వాలిపోదు.

ఇంకా ఎత్తుకు పోవాలంటే ఒకదాన్లోంచి ఒకటి జారే పట్టాలు, తాడు మేలు. ఒకే తాడు అన్ని అంచెల గుండా వెళితే లాగే బలం తక్కువే చాలు, కానీ తాడు ఎక్కువ చుట్టాలి. రాపిడి తక్కువున్న అంచె ముందు లేస్తుంది. ఒక్కో అంచె తన తాడుతో తర్వాతి అంచెను లాగే కాస్కేడ్ పద్ధతిలో అంచెలన్నీ ఒకేసారి లేస్తాయి. అయితే మూడంచెలుంటే మొదటి తాడుపై బరువుకు కనీసం మూడింతల లాగుడు పడుతుంది. దించడానికీ వేరే తాడు కట్టాలి. కొత్త జట్లు మరిచేది దీన్నే. గురుత్వాకర్షణను నమ్ముకుంటే, పట్టా కాస్త వంగినా లిఫ్ట్ పైనే ఇరుక్కుంటుంది, వదులైన తాడు కప్పీ నుంచి జారి ఇరుసుకు చుట్టుకుంటుంది.