కొండవాలు మీద విద్యార్థి వసతి

పిల్లల్ని దూరపు ఊరికి చదువుకు పంపేటప్పుడు హాస్టల్లో భోజనం ఎలా ఉంటుందని అడుగుతాం. నీళ్ళు సరిగా వస్తాయా అని అడుగుతాం. ఆ భవనం ఎలాంటి నేల మీద నిలబడి ఉందని మాత్రం అడగం. ఈ ప్రశ్న ఎంత అవసరమో తెలియజేసే చరిత్ర ఒకటి ఈరోజు చెప్పుకుందాం.

అమెరికా పడమటి తీరాన కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్‌లీ అనే పట్టణం ఉంది. దాని వెనక నిటారుగా లేచే కొండలు. ఆ కొండల పాదం వెంట నేలలో పొడవైన బీట ఒకటి సాగుతుంది. దాన్ని హేవర్డ్ బీట అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1868 మార్చిలో ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరు 21న ఆ బీట కదిలి భూకంపం వచ్చింది. సుమారు 30 మంది చనిపోయారు. ఆ తర్వాత 1873లో విశ్వవిద్యాలయం బర్క్‌లీకి, అంటే ఆ బీట పక్కకే, తరలివచ్చింది.

1906లో శాన్ ఫ్రాన్సిస్కో నగరాన్ని మరో పెద్ద భూకంపం కూల్చింది. దాన్ని పరిశోధించిన సంఘానికి ఈ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆండ్రూ లాసన్ నాయకుడు. ఆ సంఘం 1908 నివేదికలో 1868 నాటి భూకంపాన్ని గురించి కూడా వివరించింది. అంటే బీట సంగతి తెలియనిది కాదు. అయినా 1923లో పెద్ద క్రీడాంగణాన్ని సరిగ్గా దాని మీదే కట్టారు. 1929లో దానికి దగ్గర్లోనే, కొండవాలు మీద, బౌల్స్ హాల్ అనే విద్యార్థి వసతిగృహం తెరిచారు.

1933లో లాంగ్ బీచ్ భూకంపానికి ఎన్నో బడులు కూలాయి. సాయంకాలం కావడంతో పిల్లలు బడుల్లో లేరు. నెల తిరిగేసరికి బడి భవనాల కోసం గట్టి చట్టం వచ్చింది. కానీ అది విశ్వవిద్యాలయ భవనాలకు వర్తించలేదు. బీటకు అడ్డంగా కొత్త ఇళ్ళు కట్టకూడదన్న చట్టం రావడానికి 1972 దాకా పట్టింది.

ఇక వాలు సంగతి. వాలు మీద భవనం కడితే ఎగువ స్తంభాలు పొట్టిగా, దిగువ స్తంభాలు పొడుగ్గా ఉంటాయి. నేల ఊగినప్పుడు పైకప్పు అన్నిటినీ ఒకేలా లాగుతుంది. పొడుగాటి స్తంభం వంగి తట్టుకుంటుంది. పొట్టిది వంగలేక బిగుసుకుని బరువంతా తన మీద వేసుకుంటుంది. మందం ఒకటే అయినా పొడవు సగం ఉన్న స్తంభం మీద సుమారు 8 రెట్లు ఒత్తిడి పడుతుంది. పైగా భవనం మెలి తిరుగుతుంది. అందుకే వాలును మెట్లుగా చదును చేసి స్తంభాల పొడవు సమం చేస్తారు. పునాది నుంచి పైదాకా కాంక్రీటు గోడలు లేపుతారు. మట్టి జారకుండా వాననీటికి దారి వదులుతారు.

క్రీడాంగణాన్ని 2012 నాటికి పునర్నిర్మించారు. బీట మీది భాగాలు విడివిడిగా కదిలేలా అమర్చారు. బౌల్స్ హాల్‌ను కూడా భూకంపాన్ని తట్టుకునేలా బాగుచేసి 2016లో మళ్ళీ తెరిచారు. తెలిసిన విషయం ఆచరణలోకి రావడానికి వందేళ్ళు పట్టిందన్నమాట.

వాళ్ళను వేలెత్తి చూపే ముందు మన సంగతి చూసుకోవాలి. భూకంపాలను తట్టుకునే కట్టడాలకు మన దేశంలో 1962లోనే ప్రమాణాలు రాశారు. అయినా మహారాష్ట్రలో, 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, కిల్లారి ప్రాంతంలో మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రపోతున్నవారి మీద కూలి వేలమంది ప్రాణాలు పోయాయి. ఎందరో తెలుగువారు స్థిరపడిన రాష్ట్రమే అది. పుస్తకంలోని ప్రమాణం ఆ ఊళ్ళ మేస్త్రీల చేతికి అందలేదు.

కనుక ఈసారి పిల్లల్ని హాస్టల్లో చేర్పించేటప్పుడు భోజనం సంగతితోపాటు పునాది సంగతీ అడగండి. అడిగేవాళ్ళుంటేనే కట్టేవాళ్ళకు జాగ్రత్త.