చేతికందే దూరం: ఇంట్లో కట్టిన విమానాల్లో సీటు, మీట, సుఖం

మా వంశం వాళ్ళు చిత్తూరు దిక్కు నుంచి బెంగళూరుకి వచ్చి మూడు తరాలయింది. ఊరి తూర్పున, విమానపుర పక్కన ఇల్లు పెట్టుకున్నాం. 1940లో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సర్కారు కలిసి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టినాక ఆ చుట్టుపక్కల తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు ఎన్నో చేరినాయి. మా ఇంట్లో పనిని ఇప్పటికీ 'కెలసం' అనే అంటాం. ఫ్యాక్టరీ కెలసం అంటే ఫైలింగు, ఫిట్టింగు, రివెట్లు కొట్టడం. పెద్ద విమానాల కథలు పెద్దవాళ్ళ నోట చాలానే విన్నాం. ఈసారి చెప్పబోయేది ఒక చిన్న విమానం కథ. అమెరికాలో ఇంటి షెడ్లలో కట్టుకోడానికి గీసిన నమూనా మన బెంగళూరుకి ఎట్లా వచ్చింది, దాని లోపల ఏ సామాను ఎక్కడ బిగించాలనే ప్రశ్న ఎందుకంత పెద్దదయింది అన్నది ఇందులో సంగతి.

ఇంట్లో విమానం కట్టడమేమిటి అని మన పిల్లలు అడుగుతారు. అడగాల్సిందే. నమూనా గీసినాయన దగ్గర డ్రాయింగులు కొనుక్కుని, చెక్కో రేకో ఫైబరో తెచ్చుకుని, ఆదివారాలు, సాయంత్రాలు కూర్చుని కట్టేవాళ్ళు వేలమంది ఉన్నారు. 1953లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పాల్ పొబెరెజ్నీ అనే ఆయన ఇట్లాంటివాళ్ళ కోసం ఒక సంఘం పెట్టినాడు. పేరు ఎక్స్‌పరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. అక్కడి చట్టం ప్రకారం పనిలో సగానికి పైగా అభిరుచితో కట్టుకునేవాళ్ళే చేసుండాలి. అప్పుడే దాన్ని ఇంట్లో కట్టిన విమానంగా నమోదు చేస్తారు.

అంతకు ముందే ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే ఈ ఆశ పుట్టించినాడు. 1933లో ఎగిరిన ఆయన చిన్న విమానాన్ని 'ఆకాశపు పేను' అన్నారు, ఇంగ్లీషువాళ్ళ నోట అది 'ఎగిరే గోమారి' అయింది. మామూలు విమానంలో చేతికి స్టిక్, కాళ్ళకి పెడల్స్ ఉంటాయి. మిన్యే ఆ పెడల్స్ తీసేసినాడు. ఒక్క స్టిక్‌తోనే అంతా నడిచేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎంత సులువో చూడండి! కానీ దాని ముందు రెక్క, వెనక రెక్క ఒకదాని గాలి ఒకదానికి తగిలి, ఒక కోణం దాటితే ముక్కు కిందకి పోయి మళ్ళీ లేచేది కాదు. ప్రాణాలు పోయినాయి. ఫ్రాన్సులో, ఇంగ్లండులో పెద్ద గాలి సొరంగాల్లో పెట్టి పరీక్షించినాకే అసలు కారణం బయటపడింది. వాడేవాడి చేతికి సులువుగా ఉంటే చాలదు, లోపలి లెక్క కూడా సరిగా ఉండాలి. ఇక దానికి తిరగేసిన పాఠం నేర్పింది మన కథలోని విమానం.

దాన్ని గీసింది బర్ట్ రుటాన్, కాలిఫోర్నియాలోని మొహావె ఎడారి ఊళ్ళో. 1975లో ఆయన 'వేరీఈజ్' అనే రెండు సీట్ల విమానం ఎగరేసినాడు. 1979లో దానికన్నా కొంచెం పెద్దది, 'లాంగ్ఈజ్' ఎగిరింది. ఇంజను, పంకా వెనక. చిన్న రెక్క ముందర. అచ్చులు అక్కర్లేదు. నురుగు దిమ్మెని వేడి తీగతో కోసి, దాని మీద గాజు గుడ్డ పరిచి ఎపాక్సీ జిగురు పూస్తే గట్టిపడి రెక్క అవుతుంది. వడ్రంగం, వెల్డింగు రానివాళ్ళు కూడా చేయగలిగినారు. ఖాళీ విమానం బరువు సుమారు 320 కిలోలు. మనుషులు, పెట్రోలు, సామాను అన్నీ కలిపి 600 కిలోల దగ్గర హద్దు.

ఇంత తేలిక విమానంలో ప్రతి సుఖానికీ ఒక ధర ఉంటుంది. మొదట్లో వేరీఈజ్‌లో సెల్ఫ్ స్టార్టరు కూడా వద్దన్నాడు రుటాన్. ముందు చక్రం లోపలికి మడిచి, ముక్కు నేలకి ఆనించి పెట్టి, వెనక నిలబడి చేత్తో పంకా తిప్పి స్టార్టు చేసేవాళ్ళు. బరువు మిగిలేది. కానీ కట్టుకున్నవాళ్ళు ఊరుకుంటారా? స్టార్టరు కావాలి, ఆల్టర్నేటరు కావాలి, ఇంకా పెద్ద ఇంజను కావాలి. లాంగ్ఈజ్ కొంచెం పెద్దదిగా పుట్టిందే ఈ బరువు మోయడానికి.

సామాను బిగించడంలో బరువు ఎంత అన్నది సగం లెక్కే. ఆ బరువు ఎక్కడుంది అన్నది మిగతా సగం. పిల్లలు ఆడే తూగుడు బల్ల గుర్తు తెచ్చుకోండి. విమానం తూగే చోటు నుంచి 2 మీటర్లు ముందర 5 కిలోల పెట్టె పెడితే, 1 మీటరు వెనక పెట్టిన 10 కిలోలకి సరిగ్గా తూగుతుంది. ఇంజను వెనకున్న విమానం కాబట్టి చాలామంది బ్యాటరీని తీసుకుపోయి ముక్కులో పెట్టినారు. సన్నటి మనిషి ఒంటరిగా ఎగరాలంటే ముక్కులో అదనంగా సీసం బరువు పెట్టుకోవాల్సొచ్చేది. వెనక సీటు పక్కన చల్లగాలికి ఒక చిన్న పంకా పెట్టినా కాగితం మీద మళ్ళీ కూడిక వేసుకోవాలి.

కూర్చోడం సంగతికి వద్దాం. లాంగ్ఈజ్‌లో ఇద్దరు ఒకరి వెనక ఒకరు, పడక కుర్చీలో ఒరిగినట్టు కూర్చుంటారు. స్టిక్ కాళ్ళ మధ్య ఉండదు, కుడి పక్క గట్టు మీద ఉంటుంది. ముంజేతిని గట్టు మీద ఆనించి వేళ్ళతో నడపచ్చు. గంటల తరబడి పోయేవాళ్ళకి వీపు నొప్పి తక్కువ. పైన మొత్తం పారదర్శకమైన మూత, అందుకే ఎండలో లోపల ఉడికిపోతుంది. విమానానికి తెల్ల రంగే వేయాలని రుటాన్ గట్టిగా చెప్పినాడు. ఎందుకంటే ముదురు రంగు ఎండని పీల్చి ఎపాక్సీని మెత్తబరుస్తుంది. బలం కోసం వేసిన తెలుపు కొంత చల్లదనాన్నీ ఇచ్చింది.

చప్పుడు ఇంకో బాధ. వీపు వెనకే ఇంజను. ఇదే రుటాన్ గీసిన 'వోయేజర్' 1986 డిసెంబరు 14న బయలుదేరి, ఎక్కడా దిగకుండా, దారిలో పెట్రోలు పోసుకోకుండా భూమి చుట్టూ తిరిగి డిసెంబరు 23న దిగింది. లోపల ఇద్దరే: బర్ట్ అన్న డిక్ రుటాన్, జీనా యేగర్. పడుకోబెట్టిన టెలిఫోను బూతు అంత చోటులో తొమ్మిది రోజులు! చెవులు పోకుండా వాళ్ళు పెట్టుకున్నవి బోస్ కంపెనీ అప్పటికింకా అమ్మకానికి పెట్టని హెడ్‌సెట్లు. చప్పుడుకి ఎదురు చప్పుడు పుట్టించి దాన్ని అణచే రకం. ఆ కంపెనీ పెట్టిన అమర్ బోస్ తండ్రి మన కలకత్తా నుంచి పోయిన బెంగాలీ. 1989లో ఆ హెడ్‌సెట్లు పైలట్లకి అమ్మకానికి వచ్చినాయి. వోయేజర్లో అవి విలాసానికి పెట్టినవి కావు. చెవులు హోరెత్తిపోతే రేడియోలో మాట వినబడదు, అలిసిన మనిషికి లెక్క తప్పుతుంది.

ఇప్పుడు అసలు చోటుకి వస్తాం. లాంగ్ఈజ్‌కి రెండు పక్కలా రెండు పెట్రోలు ట్యాంకులు. ఒకటి అయిపోతే ఇంకోదానికి మార్చడానికి ఒక వాల్వు. రుటాన్ డ్రాయింగుల్లో అది పైలట్ రెండు కాళ్ళ మధ్య, కళ్ళ ముందే ఉంది. అమెరికాలో లాంగ్ఈజ్ కట్టిన ఒకాయన, మనుషులు కూర్చునే చోట పెట్రోలు పైపులు ఉండకూడదనుకున్నాడు. ఆలోచన మంచిదే. అందుకని వాల్వుని వెనక్కి జరిపి, దాని పిడిని పైలట్ ఎడమ భుజం వెనక గోడలో బిగించినాడు. పిడి ఎటు తిప్పితే ఏ ట్యాంకో చెప్పే గుర్తులు దాని మీద లేవు. ట్యాంకులో ఎంతుందో చూపే గాజు గొట్టాలూ వెనకే ఉన్నాయి, వాటి మీదా గుర్తులు లేవు.

చేతులు మారి ఆ విమానం 1997లో గాయకుడు జాన్ డెన్వర్ కొన్నాడు. 2,700 గంటలకి పైగా విమానాలు నడిపిన మనిషి. అక్టోబరు 12 సాయంత్రం కాలిఫోర్నియాలోని మాంటరే విమానాశ్రయంలో ఎక్కేముందు, ఆ పిడి అందడం లేదని, తిరగడం కష్టంగా ఉందని మెకానిక్‌తో మాట్లాడినాడు. ఇద్దరూ కలిసి పిడికి ఒక పట్టుకారు బిగించి పొడుగు చేసి చూసినారు. అయినా అందలేదు. వెనకున్న గొట్టాలు చూసుకోడానికి మెకానిక్ ఒక చిన్న అద్దం ఇచ్చినాడు. గంటసేపే కదా తిరిగొస్తాను అని పెట్రోలు వద్దన్నాడు డెన్వర్. కాసేపటికే విమానం పసిఫిక్ గ్రోవ్ దగ్గర సముద్రంలో పడింది. ఆయన ప్రాణం పోయింది.

దర్యాప్తు చేసినవాళ్ళు అట్లాంటి విమానంలోనే కూర్చుని చూసినారు. పిడి తిప్పాలంటే కుడిచేతిని స్టిక్ మీద నుంచి తీయాలి, భుజాల బెల్టు వదులు చేసుకోవాలి, ఒళ్ళంతా ఎడమకి తిప్పాలి, అప్పుడు కుడిచేత్తో ఎడమ భుజం వెనక తడమాలి. అట్లా తిరిగే మనిషి ఆసరా కోసం కుడికాలిని తెలియకుండానే బిగదన్నుతాడు. ఆ కాలి కింద రడ్డర్ పెడల్ ఉంది! పిడి కోసం తిరిగినప్పుడు పెడల్ తొక్కుకుపోయి విమానం అదుపు తప్పిందని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. పెట్రోలు పోసుకోకపోవడాన్నీ కారణంగా రాసింది. అందని చోట, గుర్తులు లేకుండా పెట్టిన పిడిని, ఆ రకం విమానంలో తగినంత తర్ఫీదు లేకపోవడాన్నీ దానికి తోడ్పడిన అంశాలుగా చేర్చింది.

మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కెలసం చేసేవాళ్ళకి ఈ రిపోర్టు చాలా దగ్గరగా అనిపిస్తుంది. ఆ వాల్వుని బల్ల మీద పెట్టి పరీక్షిస్తే పాస్. పెట్రోలు పారుతుంది, ఆగుతుంది, కారదు. దాన్ని బిగించిన చోట, బెల్టు కట్టుకున్న మనిషి, ఎగురుతుండగా వాడితే ఫెయిల్. కట్టినాయన ఒక ప్రమాదాన్ని తప్పించబోయి ఇంకోదాన్ని పెట్టినాడు. డ్రాయింగులో ఒక వస్తువు కాళ్ళ మధ్య ఉందంటే దానికో కారణం ఉంటుంది. ఆ కారణం గీత పక్కన రాసుండదు. మార్చేవాడు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని చెయ్యి చాచి చూడాలి. అందితేనే బిగించాలి.

ఈ లాంగ్ఈజ్ మన బెంగళూరుకీ వచ్చింది. 1959లో పుట్టిన నేషనల్ ఏరోనాటికల్ లేబరేటరీకి 1984 నుంచి 1993 దాకా రొద్దం నరసింహగారు డైరెక్టరు. రొద్దం పేరుతో పెనుకొండ దగ్గర ఊరుంది. ఆయన తండ్రి ఆర్.ఎల్. నరసింహయ్యగారు కన్నడంలో సైన్సు రాసిన పెద్దాయన. కన్నడ మీడియంలో చదువుకున్న మాకు అదో దగ్గరతనం. ఆ రోజుల్లోనే లేబరేటరీవాళ్ళు లాంగ్ఈజ్ నమూనాలో ఒక విమానం కట్టి 1987లో ఎగరేసినారు. పేరు లైట్ కెనార్డ్ రీసెర్చ్ ఎయిర్‌క్రాఫ్ట్. గాజు గుడ్డ, ఎపాక్సీతో విమానం కట్టే పని మన ఊరి చేతులకి అట్లా అలవాటయింది.

ఆ అలవాటు మీదనే 'హంస' వచ్చింది. అదీ ఫైబరు విమానమే, రెండు సీట్లే. కానీ దీన్ని గీసింది ఫ్లయింగ్ క్లబ్బుల్లో నేర్చుకునే పిల్లల కోసం. అందుకని సీట్లు పక్కపక్కన వచ్చినాయి. నేర్పే గురువు శిష్యుడి చెయ్యి ఎక్కడుందో, కళ్ళు ఎటు పోతున్నాయో చూడగలడు, అవసరమైతే తనే అందుకోగలడు. ఇంజను ముందుకి పోయింది. 1993లో మొదటి హంస ఎగిరింది, 2000లో హంస-3కి డీజీసీఏ సర్టిఫికెట్ వచ్చింది. ఫ్లయింగ్ క్లబ్బులకీ, కాన్పూరు ఐఐటీకీ పోయింది. 2021 సెప్టెంబరు 3న కొత్త హంస-ఎన్‌జీ హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం నుంచే లేచింది. అందులో మార్చినవి చూడండి: లోపల వెడల్పు పెంచినారు, ముళ్ళ గడియారాల బదులు తెరలు పెట్టినారు, ఫ్లాప్‌లు కరెంటుతో కదిలేటట్టు చేసినారు. అన్నీ కూర్చున్నవాడి చేతికీ కంటికీ దగ్గర చేసిన మార్పులే.

ఫ్యాక్టరీల్లో, లేబరేటరీల్లో, లారీ బాడీ షెడ్లలో, నేత మగ్గాల దగ్గర పనిచేసిన పెద్దవాళ్ళు మన ప్రతి కుటుంబంలో ఉన్నారు. హోసూరులో కానీ, గంజాములో కానీ, షోలాపురంలో కానీ, యానాంలో కానీ. ఈ మీట ఇక్కడే ఎందుకుంది, అర గజం పక్కకి జరిపితే ఏమవుతుంది అన్నది వాళ్ళ చేతులకి తెలుసు. డ్రాయింగులు ఆఫీసు బీరువాల్లో ఉంటాయి, ఆ కారణాలు మాత్రం వాళ్ళ నోట్లోనే ఉన్నాయి. పండక్కి ఇంటికి పోయినప్పుడు తాతనో పెదనాయననో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఏ లిపి వస్తే ఆ లిపిలో రాసిపెట్టండి. మేము మా ఇంట్లో కొంత కన్నడ అక్షరాల్లో, కొంత తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టినాం.