కొట్టివేతల్లో పుట్టిన పక్షులు

బడ్జ్ బడ్జ్‌లో లోకల్ రైలెక్కితే సియాల్దాలో దిగుతాం. అక్కడికి కొంచెం ఉత్తరాన, జొరాసాంకోలో ఠాగూర్‌ల పాత ఇల్లుంది. ఇప్పుడది మ్యూజియం. 'గీతాంజలి' కవిగా మీకు తెలిసిన రవీంద్రనాథ్ ఠాగూర్ (1861–1941) పుట్టిందీ, కన్నుమూసిందీ ఆ ఇంట్లోనే. ఏ పురాణంలోనూ కనిపించని కొన్ని పక్షులను ఆయన సృష్టించారు. ఈ పాఠం వాటి గురించి.

పురాణ పక్షి అనగానే మీకు గరుత్మంతుడు గుర్తుకొస్తాడు. వంకర ముక్కు, విప్పిన రెక్కలు, జోడించిన చేతులు. ఏ గుడి వాహనంలో చూసినా ఇట్టే పోల్చుకుంటారు. రెండు తలల గండభేరుండమూ అంతే. విజయనగర రాజు అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద కూడా అది ఉంది. ఈ రూపాలు శిల్పి చేతికి వచ్చేసరికే నిర్ణయమై ఉంటాయి. ఠాగూర్ పక్షులకు అలాంటి లక్షణాలేవీ లేవు. పేర్లూ లేవు, తన బొమ్మల్లో చాలావాటికి ఆయన శీర్షికే పెట్టలేదు.

మరి అవి ఎక్కడి నుంచి వచ్చాయి? చిత్తుప్రతి నుంచి! 1924లో 'పూరబి' కవితలు రాస్తూ నచ్చని మాటలు కొట్టివేసేవారు. పరీక్ష పేపర్లో మీరూ కొట్టివేస్తారు, ఆ మరక అలాగే ఉండిపోతుంది. ఆయనకు అలా వదిలేయడం నచ్చలేదు. ఒక కొట్టివేతను పక్కనున్న మరోదానితో గీతగా కలిపేవారు. ఆ గీత ఒకచోట మెడలా వంగేది, మరోచోట ముక్కులా మొనదేలేది. చూస్తూండగానే పద్యం మధ్య ఒక వింత జీవి నిలబడేది. ఆ ఏడాది అర్జెంటీనాలో ఆయనకు ఆతిథ్యమిచ్చిన రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆ పేజీలు చూసి ముగ్ధురాలయ్యారు.

1919లో మదనపల్లెలో 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించేనాటికి ఠాగూర్ చిత్రకారుడని లోకానికి తెలియదు. అరవై ఏడేళ్ల వయసులో ఆయన పూర్తిగా బొమ్మలకు దిగారు. మిగిలిన పన్నెండు, పదమూడేళ్లలో రెండు వేలకు పైగా వేశారు. ఒకే కాగితం మీద రంగు సిరాలు, నీటి రంగులు, క్రేయాన్లు కలిసేవి. కుంచె తప్పనిసరి కాదు. కలం, గుడ్డముక్క, వేళ్లు, ఏది అందితే అది. ఎరుపు, ఆకుపచ్చల తేడా ఆయనకు సరిగా తెలిసేది కాదని కొందరు పరిశోధకుల అభిప్రాయం. నాకైతే ఆ ముదురు గోధుమ, నలుపు రంగుల్లోనే ఆ పక్షులకు ప్రాణం ఉందనిపిస్తుంది.

అదే ఇంటికి చెందిన అవనీంద్రనాథ్ ఠాగూర్ భారతీయ చిత్రకళకు మూలాలను అజంతాలో, మొగల్ చిత్రాల్లో వెతికారు. స్వదేశీ రోజుల్లో అది ఎంతో అవసరమైన పని. రవీంద్రుడు ఆ దారిలో వెళ్లలేదు. అందుకే ఆయన బొమ్మల తొలి పెద్ద ప్రదర్శన కలకత్తాలో కాక 1930 మేలో పారిస్‌లో, ఒకాంపో చొరవతో జరిగిందంటే ఆశ్చర్యం లేదు.

అదే ఏడాది బెర్లిన్ జాతీయ చిత్రశాలకు ఆయన ఐదు చిత్రాలిచ్చారు. వాటిలో పక్షులూ ఉన్నాయి. 1937లో నాజీ ప్రభుత్వం ఆధునిక కళను 'పతనమైన కళ'గా ముద్రవేసి మ్యూజియాల నుంచి ఊడ్చివేసినప్పుడు ఈ ఐదింటినీ తొలగించారు. ఏ దేవుడికీ వాహనం కాని, ఏ రాజుకూ చిహ్నం కాని పక్షులను కూడా ఆ ప్రభుత్వం సహించలేకపోయింది.

'పూరబి' రాతప్రతి నకలు మీ కంటపడితే బొమ్మను కాసేపు పక్కనపెట్టండి. రెక్కల సందుల్లో, సిరా కిందినుంచి, కొట్టివేసిన బెంగాలీ అక్షరాలు ఇంకా తొంగిచూస్తుంటాయి.