బుగ్గ ధర వేరు, వెలుతురు ధర వేరు

కామారెడ్డి జిల్లా పెద్దకొడప్‌గల్ లాంటి మండల కేంద్రంలో కరెంటు సామాన్ల దుకాణానికి బుగ్గ కోసం వచ్చినవాళ్లు మామూలుగా అడిగేవి రెండే: ఎంత, ఎన్ని దినాలొస్తది? అడగాల్సిన మూడోది ఒకటుంది: ఇది ఎంత కరెంటు తాగుతుంది? నూట నలభై ఏళ్ల బుగ్గ చరిత్రంతా ఈ మూడు ప్రశ్నల మధ్య నడిచిన బేరమే. బుగ్గకు పెట్టే డబ్బు వెలుతురు ఖర్చులో చిన్న భాగం. ఈ ఒక్క లెక్క తెలియకపోతే చవకదని కొన్నదే ఖరీదవుతుంది.

1879లో ఎడిసన్ వెలిగించిన బుగ్గలో ఉన్నది కార్బన్ తీగ. 1910 నాటికి కూలిడ్జ్ అనే శాస్త్రవేత్త టంగ్‌స్టన్‌ను సన్నని తీగగా సాగదీయడం సాధించాడు. మనం ఎరిగిన పసుపు వెలుగు బుగ్గ అలా స్థిరపడింది. మన దగ్గరికొస్తే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం 1920లో మొదలైంది. పెద్దకొడప్‌గల్‌కు దగ్గర్లోనే మంజీరపై నిజాంసాగర్ 1931లో పూర్తయితే, అక్కడ 10 మెగావాట్ల జలవిద్యుత్తు 1950లలో వచ్చింది. ఇక్కడి పల్లెల్లోకి కరెంటు రాకముందే ఇళ్లలో వెలిగే బుగ్గ ఆయుష్షు ఎక్కడో నిర్ణయమైపోయింది. 1924 చివర జెనీవాలో ఓస్రామ్, ఫిలిప్స్, జనరల్ ఎలక్ట్రిక్ అనుబంధ సంస్థలు ఫీబస్ అనే కూటమి కట్టి, బుగ్గ 1000 గంటలకు మించి వెలగకూడదని ఒప్పుకున్నాయి. అప్పటికి 1500 నుంచి 2000 గంటలు వెలిగే బుగ్గలు ఉన్నాయి. గడువు దాటి వెలిగే సరుకు తయారుచేసిన కంపెనీ జరిమానా కట్టేది. రెండో ప్రపంచయుద్ధంతో కూటమి చెదిరినా 1000 గంటల కొలత మాత్రం నిలిచిపోయింది.

ఇదంతా పచ్చి మోసమే అనేవారికి ఒక జవాబుంది. తీగ ఎంత వేడెక్కితే వెలుగు అంత తెల్లగా, కరెంటు అంత పొదుపుగా వస్తుంది, ఆ తీగ అంత త్వరగా తెగుతుంది. వోల్టేజీ 5 శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, వెలుతురు మాత్రం ఆరోవంతు పడిపోతుంది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో 1901 నుంచి వెలుగుతున్న బుగ్గ ఇప్పుడు ఇచ్చేది 4 వాట్ల మిణుకే. అందుకే 1951లో బ్రిటన్ గుత్తాధిపత్య విచారణ సంఘం 1000 గంటలు సబబైన రాజీయేనని తేల్చింది. ఆ తీర్పులో న్యాయం ఉంది. అయినా కొనేవాడిని అడగకుండా నలుగురు కూర్చుని గడువు పెట్టడం, దాన్ని జరిమానాలతో కాపాడటం తప్పే. సాంకేతిక కారణం ఉన్నంత మాత్రాన లాభాపేక్ష లేకుండా పోదు.

లెక్కకు వద్దాం. 60 వాట్ల బుగ్గ 1000 గంటలు వెలిగితే 60 యూనిట్లు. నెలకు 100 యూనిట్లలోపు వాడే ఇంటికి తెలంగాణలో రెండో శ్లాబు ధర 3.10 రూపాయలు. అంటే పదో పదిహేనో పెట్టి కొన్న బుగ్గ 186 రూపాయల కరెంటు తింటుంది. అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి 9 యూనిట్లు, దాదాపు 28 రూపాయలు చాలు. ఒకప్పుడు ఎల్‌ఈడీకి అడ్డం దాని ధరే. 2014లో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్‌కు ఒక్కో బుగ్గ 310 రూపాయలు పడింది. అదే ఏడు ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బుగ్గ ఇస్తే పది రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చారు. 2015 జనవరిలో ఈ పంపిణీ దేశమంతటికీ విస్తరించింది; అదే ఉజాలా పథకం. కోట్లలో ఒక్కచోట కొనడంతో 2016 నాటికి ఆ సంస్థ కొనుగోలు ధర 38 రూపాయలకు దిగింది. కొనేవాళ్లు జట్టు కడితే ధర ఎలా దిగుతుందో ఇది చూపింది.

ఎల్‌ఈడీ పెట్టె మీద 25,000 గంటలని రాసి ఏడాదికే పోతోంది కదా అన్న ఫిర్యాదు నిజమైనదే. ఆ అంకె ప్రధానంగా వెలుగునిచ్చే చిప్‌కు సంబంధించింది. ముందు పోయేది ఎక్కువగా దాని వెనకున్న డ్రైవర్ అనే సర్క్యూట్. బోరు మోటార్లు ఒక్కసారిగా నడిచి వోల్టేజీ ఊగే ఊళ్లలో, గాలాడని డూముల్లో దానికి గండం ఎక్కువ. అలా 3000 గంటలకే పోయినా, 60 వాట్ల పాత బుగ్గతో పోలిస్తే అది 153 యూనిట్లు, అంటే 474 రూపాయలు ఆదా చేసే పోతుంది. అంతమాత్రాన నాసిరకం సరుకును క్షమించనక్కర్లేదు. ఇక రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు లేనప్పుడు పొదుపెందుకు అంటే, ఆ గీత దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. దాటకపోయినా ఆ కరెంటు ఖర్చు ప్రభుత్వ ఖజానా మీద, అంటే మన మీదే పడుతుంది.

కాబట్టి బుగ్గ కొనేటప్పుడు వాట్లతో పాటు ల్యూమెన్లు, స్టార్ గుర్తు చూడండి. గ్యారంటీ ఎన్నేళ్లో అడిగి, బిల్లు తీసుకుని దాచండి. గడువులోపు పోతే మొహమాటపడకుండా దుకాణానికి తీసుకెళ్లి మార్పించుకోండి. ఒకప్పుడు బుగ్గ ఆయుష్షును కంపెనీలు నిర్ణయించాయి. ఇప్పుడు దాన్ని పెంచగలిగేది గ్యారంటీని గట్టిగా అడిగే కొనుగోలుదారులే.