షాలిమార్: రైలెక్కే ముందు చికిత్స ధరల పోలిక

హూగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతాకు ఎదురుగా, హావ్‌డా జిల్లాలో ఉన్న రైల్వే టెర్మినస్ షాలిమార్. హైదరాబాద్‌కు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్, చెన్నైకి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడి నుంచే బయలుదేరతాయి. హైదరాబాద్, వెల్లూరు ఆసుపత్రులకు వెళ్లే బెంగాలీ రోగులకు ఇది పరిచిత మార్గం. వంగదేశంలో స్థిరపడిన తెలుగువారికి చికిత్స అక్కడా, స్వస్థలంలోనా అన్న ప్రశ్న ఇదే మార్గంలో ఎదురవుతుంది.

ధరలు పోల్చేవారు తరచూ విస్మరించే విషయం ఒకటుంది: రాష్ట్రం మారితే చట్టమూ మారుతుంది. పశ్చిమ బెంగాల్ 2017లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల నమోదు, నియంత్రణ, పారదర్శకత చట్టం చేసి, దాని అమలుకు ప్రత్యేక కమిషన్‌ను నెలకొల్పింది. పరీక్షలు, పడక, శస్త్రచికిత్స, ఐసీయూ తదితరాలకు నిర్ణయించిన ధరలకు, ప్యాకేజీలకు ఆసుపత్రులు కట్టుబడాలని ఆ చట్టం నిర్దేశిస్తుంది. తెలంగాణ 2010 నాటి కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. దాని 2012 నిబంధనల ప్రకారం ధరలను స్థానిక భాషలోనూ, ఆంగ్లంలోనూ ప్రదర్శించాలి. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది.

అయితే ధరల పట్టిక ఉన్నంత మాత్రాన పోలిక కుదరదు. యాంజియోప్లాస్టీనే తీసుకుంటే, జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటుకు రూ. 29,600, సాధారణ లోహపు స్టెంటుకు రూ. 7,260 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. తరువాత వాటిని సవరించింది. ఆ పరిమితి స్టెంటుకే. బెలూన్, క్యాథెటర్, వైద్యుని రుసుము, గది అద్దె దాని పరిధిలోకి రావు. పైగా అనేక ఆసుపత్రుల్లో గది తరగతి పెరిగితే శస్త్రచికిత్స రుసుమూ పెరుగుతుంది. కనుక ఒకే తరగతి గది, ఒకే రకం ఇంప్లాంటు, అన్నే రోజుల బస ప్రాతిపదికగా లిఖితపూర్వక అంచనా కోరాలి. ప్యాకేజీలో చేరనివి ఏవో అందులో రాయించుకోవడం మరీ ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్) ధరలు బహిరంగంగా లభిస్తాయి గనుక కొలబద్దగా పనికొస్తాయి. రైలు ఛార్జీ, సహాయకుల బస, పునఃపరీక్షకు మళ్లీ రావలసిన ప్రయాణం కలిపితే చవకగా తోచిన ఆసుపత్రి ఖరీదైనదిగా తేలవచ్చు.

గుండెపోటు, ప్రమాదం వంటి అత్యవసర స్థితిలో ఈ పోలికకు వ్యవధి ఉండదు. సమీప ఆసుపత్రే శరణ్యం.

బెంగాల్‌లో అధిక బిల్లుపై ఫిర్యాదు కమిషన్‌కు, వైద్య నిర్లక్ష్యంపై ఫిర్యాదు రాష్ట్ర వైద్య మండలికి వెళ్తుంది. హైదరాబాద్‌లోనో వెల్లూరులోనో వేసిన బిల్లుపై మాత్రం ఆ కమిషన్‌కు అధికారం లేదు.